పై నుంచి చెప్పిన పని చేసినందుకు తప్పు నాదవుతుందా?

ప్రశ్న (పలాస వాసి, ప్రస్తుతం హైదరాబాదు)

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఒక పల్లెటూరు. ఆరేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. గత రెండేళ్లుగా ఫోన్‌లోనే చిన్న చిన్న అప్పులు ఇప్పించే యాప్‌ను నడిపే కంపెనీలో ఉన్నాను. అప్పు తీసుకునేవారికి కనబడే తెరలన్నీ మా బృందమే రాస్తుంది.

నిరుడు దసరాకు ముందు నాకు ఒక పని అప్పగించారు. అప్పు మంజూరయ్యే ముందు వచ్చే ఆఖరి తెర మీద "రుణ రక్షణ బీమా" అనే గడి పెట్టి, అందులో ముందుగానే టిక్ ఉంచమన్నారు. ఆ టిక్ తీయాలంటే చిన్న అక్షరాల్లో ఉన్న "వివరాలు" అన్న మాటను నొక్కి, తెరను అడుగు దాకా జరుపుకుంటూ వెళ్లాలి. పూటలో అయిపోయే పని. ముందే టిక్ పెట్టడం సరైనదేనా అని సమావేశంలో ఒక్కసారి అడిగాను. "పై నుంచి వచ్చింది, కానిచ్చేయ్" అన్నారు మా టీమ్ లీడ్. నేను కానిచ్చేశాను.

సంక్రాంతికి ఫలక్‌నుమా రైల్లో ఊరు వెళ్లాను. మా పిన్ని జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి వెళుతుంది. జీడి నూనె అంటుకుని ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. చిన్నవాడి కాలేజీ ఫీజు కోసం ఫోన్‌లో పదిహేను వేలు అప్పు చేసిందట, చేతికి 13,747 రూపాయలే వచ్చాయట. లెక్క చూసి పెట్టమని ఫోన్ నా చేతిలో పెట్టింది. యాప్ మాదే. ప్రాసెసింగ్ రుసుము పన్నుతో కలిపి 354, బీమా 899. "నానేటీ నొక్కనేదు బాబూ, అదే ఉంది" అంది. ఆ మాట నిజమని ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ తెర రాసింది నేనేనని మాత్రం చెప్పలేకపోయాను.

చెప్పిన పని చేసిన ఉద్యోగిగా ఇందులో నా బాధ్యత ఎంత? ఉద్యోగం మానేస్తే నా స్థానంలో మరొకరు వచ్చి అదే రాస్తారు. ఉంటే జీతం తీసుకున్న ప్రతి నెలా పిన్ని వేళ్లు గుర్తుకొస్తాయి. అనుభవం ఉన్నవారు నిర్మొహమాటంగా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1 (విశ్రాంత బ్యాంకు మేనేజరు, విజయనగరం)

బాబూ, మీ ప్రశ్న చదివాక నాకు పాత రోజొకటి గుర్తుకొచ్చింది. ముందు అది చెబుతాను, ఎందుకంటే ఇది కొత్తగా ఫోన్లతో పుట్టిన తప్పు కాదు.

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో కొంతకాలం గజపతినగరం వైపు ఒక శాఖలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేశాను. పంట రుణాల సీజనులో రుణంతో పాటు ఒక బీమా పాలసీ కూడా చేయించాలని మాకు లక్ష్యాలు ఇచ్చారు. రుణ పత్రాల కట్టలో ఆ దరఖాస్తు కూడా పెట్టేవాళ్లం. ఒక ముసలామె వచ్చింది. వేలిముద్రలు పడవలసిన చోట్లన్నీ నేనే వరసగా చూపించాను, ఆమె వరసగా వేసింది. తరువాత బొటనవేలి సిరా తలవెంట్రుకలకు తుడుచుకుని, ఇన్నిసార్లు ఎందుకు బాబూ అని అడిగింది. అన్నీ రుణానివేనమ్మా అన్నాను. ఆ ఒక్క మాట అబద్ధం. ఆ అబద్ధం చెప్పమని నాకు ఎవరూ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వలేదు. లక్ష్యం పై నుంచి వచ్చిన మాట నిజమే, కానీ ఆమెతో ఆ మాట అన్న నోరు నాది. మరుసటి ఏడాది ఆమె కొడుకు పాసుబుక్కు పట్టుకుని వచ్చి ఈ కోత ఏమిటని అడిగినప్పుడు, నేను బదిలీ అయిపోయి ఉన్నాను. ఆ ప్రశ్నకు నా తరువాత వచ్చినవాడు తలవంచుకోవలసి వచ్చిందని విన్నాను.

కాబట్టి మీ బాధ్యత ఎంత అంటే, మీ చేయి ఎంత దూరం వెళ్లిందో అంత. బీమా అమ్మాలన్న నిర్ణయం మీది కాదు, ఆ కమిషను మీ జేబులోకి రాలేదు. టిక్‌ను ముందే పెట్టి, దాన్ని తీసే దారిని దాచిన పని మాత్రం మీది. ఆ మేరకు ఒప్పుకోవడం వల్ల మీకు మేలే జరుగుతుంది, ఎందుకంటే ఒప్పుకున్న భాగాన్నే మనిషి సరిదిద్దగలడు.

ఇక పనికొచ్చే విషయం. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు తీసుకునేవారికి ముందుగానే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని, అందులో చూపించని రుసుము ఏదీ వసూలు చేయకూడదని, నిర్ణీత గడువులోగా అసలు, ఆ రోజులకు తగిన వడ్డీ, ఖర్చులు కట్టి జరిమానా లేకుండా అప్పు నుంచి బయటపడే అవకాశం ఉండాలని అందులో ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపూరిత తెరల మీద మార్గదర్శకాలు ప్రకటించి, పదమూడు రకాల ఎత్తుగడలను పేరుపేరునా పేర్కొంది. కొనేవారి అనుమతి లేకుండా చివర్లో అదనపు వస్తువునో సేవనో చేర్చి చెల్లించవలసిన మొత్తాన్ని పెంచడం వాటిలో ఒకటి. మీరు రాసిన తెర సరిగ్గా అదే. మీ పిన్నిగారి చేత ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు.

జవాబు 2 (సాఫ్ట్‌వేర్ టెస్టరు, విశాఖపట్నం, సొంతూరు కవిటి)

పెద్దవారు చెప్పిన దానితో చాలా వరకు ఏకీభవిస్తున్నాను. అయితే మనస్సాక్షి గురించి మాట్లాడేటప్పుడు ఎవరి ఇంట్లో ఎంత ఖర్చు ఉందో కూడా చూడాలని నా మనవి. మా నాన్నగారు ఉద్దానం కిడ్నీ జబ్బుతో వారానికి మూడు రోజులు డయాలిసిస్‌కు వెళతారు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో ఆయన పేరు ఉంది. నచ్చని పని వచ్చిన రోజున రాజీనామా పత్రం విసిరి రావాలని నాతో ఎవరైనా అంటే, వారికి మా ఇంటి పరిస్థితి తెలియదనే అనుకుంటాను.

తప్పు బయటపడినప్పుడు ముందు దొరికేది కిందివారేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల మోసం 2015లో బయటపడింది. పొగ పరీక్ష జరుగుతోందని కారులోని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టి, అప్పటివరకు మాత్రమే పొగను అదుపులో పెట్టేది. రోడ్డెక్కాక పరిమితికి నలభై రెట్ల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలేది. 2017లో జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకు అమెరికా కోర్టు 40 నెలల జైలుశిక్ష వేసింది. కంపెనీ అప్పటి ప్రధాన అధికారి మీద జర్మనీ కోర్టులో విచారణ 2024 సెప్టెంబరులో గానీ మొదలు కాలేదు. నేను చెప్పినట్టు చేశానంతే అన్న మాట ఆ ఇంజినీరును కాపాడలేదు. నాకు ఇందులో అన్యాయం కనబడుతుంది, హెచ్చరిక కూడా కనబడుతుంది.

అందుకే నేను మానేయను, కానీ నా చేతిలో ఉన్నదాన్ని వదులుకోను. నా ఉద్యోగం పరీక్షించి, సరిగా ఉందనో లేదనో రాయడం. రెండేళ్ల కిందట ఒక యాప్‌లో చందా రద్దు చేసుకునే మీట నొక్కితే మళ్లీ మొదటి తెరకే వచ్చేది. అది కావాలనే అలా చేశారని అందరికీ తెలుసు. నేను దాన్ని లోపంగా నమోదు చేశాను. రెండుసార్లు మూసేశారు, రెండుసార్లూ తెరిచాను. మూడోసారి మేనేజరు నన్ను గదిలోకి పిలిచి అడిగితే, "ఇది సరిగా పనిచేస్తోందని నా పేరుతో నేను రాయలేనండీ, మీరు మీ పేరుతో రాసి విడుదల చేయండి" అన్నాను. ఆయన తన పేరు పెట్టడానికి ఇష్టపడలేదు. నెల తరువాత ఆ మీట బాగుపడింది. ఆ ఏడాది నాకు జీతం పెద్దగా పెరగలేదు, అది కూడా చెప్పాలి.

మీరు సమావేశంలో నోటితో ఒకసారి అడిగి ఊరుకున్నారు, తమ్ముడూ. నోటిమాటకు ఎవరూ జవాబుదారీ కారు. మెయిలు పెట్టండి.

జవాబు 3 (ఇంజినీరింగ్ కళాశాల అధ్యాపకుడు, విజయనగరం)

ప్లేస్‌మెంట్ల కోసం పిల్లలకు ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పుతున్నాం. పై అధికారితో "ఈ పని సబబు కాదేమోనండీ" అని మర్యాదగా, రాతపూర్వకంగా ఎలా చెప్పాలో ఒక్క తరగతిలోనూ నేర్పలేదు. ఇందులో మా లోటు ఉంది.

సత్యం కుంభకోణం మన తెలుగువాళ్ల కళ్లెదుటే జరిగింది. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుగా చూపామని ఒప్పుకుంటూ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చినప్పుడు నేను చదువుకుంటున్నాను. మా తరగతిలో సగం మంది ఆ కంపెనీ మీద ఆశ పెట్టుకున్నవారే. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో అధిపతులతో పాటు కొందరు ఉద్యోగులు కూడా ఉన్నారు. దొంగ ఇన్‌వాయిస్‌లు వాటంతటవే పుట్టవు, ఎవరో ఒకరు కంప్యూటరు ముందు కూర్చుని తయారు చేయాలి. ఈసారి మా విద్యార్థులకు ఈ సంగతితో పాటు మీ ప్రశ్న కూడా చదివి వినిపిస్తాను. మీకు అభ్యంతరం ఉంటే తెలియజేయండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అభ్యంతరం లేదండీ, తప్పక వినిపించండి. అందరికీ కృతజ్ఞతలు.

మీ జవాబులు చదివాక మూడు రోజులు ఆలోచించి, మొన్న సోమవారం టీమ్ లీడ్‌కు, మేనేజరుకు, నిబంధనల విభాగం అధికారికి కలిపి మెయిలు పెట్టాను. 2023 మార్గదర్శకాల్లోని ఆ భాగాన్ని ఉటంకించి, మా తెర ఫోటోలు రెండు జతచేసి, టిక్ తీసేయాలని, "వద్దు" అన్న మీట కూడా "సరే" అన్న మీటంత పరిమాణంలో పక్కనే ఉండాలని రాశాను. ఆ తెర మొదట రాసింది నేనేనని కూడా అందులోనే రాశాను. టీమ్ లీడ్ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నిబంధనల విభాగం నుంచి మాత్రం ఇంతవరకు ఎంతమంది ఖాతాల్లో ఈ బీమా చేరిందో లెక్క తీసి పంపమని జవాబు వచ్చింది. ఆ లెక్క తీస్తున్నాను.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తరువాత "మరయితే తీసీ బాబూ" అంది. ఆమె పేరు మీద కంపెనీకి ఫిర్యాదు నేనే రాసి, చదివి వినిపించి, ఆమె సరేనన్నాక పంపాను. ముప్పై రోజుల గడువు ఇప్పుడే మొదలైంది. టిక్ తీసేసిన కోడ్‌ను పరిశీలనకు పెట్టాను. ఇద్దరు సహోద్యోగులు ఆమోదించారు, మేనేజరు ఆమోదం ఇంకా రాలేదు.