సోవియట్ జనాభా: 16.8 కోట్లా, 16.2 కోట్లా, 17 కోట్లా? సెమినార్ పేపర్‌లో ఏది వెయ్యాలి?

అశోక్‌నగర్ చదువరి:
అందరికీ నమస్తే. ఎం.ఏ. హిస్టరీ ఫైనల్ ఇయర్ చదువుతున్న. 1930లలో సోవియట్ యూనియన్‌లో జరిగిన వ్యవసాయ సమష్టీకరణ (రైతుల భూములను కలిపి సమష్టి పొలాలు చెయ్యడం) మీద సెమినార్ పేపర్ రాస్తున్న. అందులో జనాభా గ్రాఫ్ ఒకటి పెట్టాలి. నాకు దొరికిన అంకెలు ఇవి: 1926లో 14.7 కోట్లు, 1933 చివర 16.8 కోట్లు, 1937లో 16.2 కోట్లు, 1939లో 17.06 కోట్లు. గ్రాఫ్ గీస్తే మధ్యలో గుంట పడి, మళ్లీ ఒక్కసారిగా పైకి లేస్తున్నది. మా గైడ్ మేడం చూసి, "రెండేళ్లలో 86 లక్షలు ఎట్లా పెరిగిన్రు? సరి చూసుకుని రా" అన్నరు. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? సోమవారం ప్రెజెంటేషన్ ఉంది, జర చెప్పండి.

తార్నాక సార్:
తమ్ముడూ, గుంట గ్రాఫ్‌లో లేదు, చరిత్రలోనే ఉంది. అది తీసేస్తే నీ పేపర్‌లో చెప్పడానికి ఏమీ మిగలదు.

ముందు ఆ 16.8 కోట్ల సంగతి చూద్దాం. అది జనగణన అంకె కాదు. 1934 జనవరిలో 17వ కమ్యూనిస్టు పార్టీ మహాసభలో స్టాలిన్ తన నివేదికలో చెప్పిన మాట: 1930 చివర 16.05 కోట్లు ఉన్న జనాభా 1933 చివరికి 16.8 కోట్లు అయిందని. అంటే ఉక్రెయిన్, కజకిస్తాన్, వోల్గా ప్రాంతం, ఉత్తర కాకసస్ కరువుతో అల్లాడిన ఏళ్లలోనే జనం 75 లక్షలు పెరిగారని! నిజానికి 1933లోనే జనగణన జరగాల్సింది. వాయిదా మీద వాయిదా పడి 1937 జనవరికి వచ్చింది. ఈలోగా పెద్దాయన అంకె చెప్పేశారు. రెండో పంచవర్ష ప్రణాళిక 1937 చివరికి 18 కోట్లు దాటుతుందని రాసుకుంది. 1935 డిసెంబరులో ఆయనే, ఏటా దాదాపు 30 లక్షల మంది పెరుగుతున్నారని, ఏడాదికొక ఫిన్లాండ్ దేశమంత జనాభా వచ్చి చేరుతున్నట్టేనని అన్నారు. లెక్క పెట్టేవాళ్ల మీద ఎంత బరువు పడిందో ఊహించుకో.

జవాబు ముందే చెప్పేసిన పరీక్ష అది. 1937 జనవరి 6న లెక్కిస్తే తేలింది 16.2 కోట్లు. సైన్యాన్ని, అంతర్గత వ్యవహారాల కమిసారియట్ (పోలీసు, జైళ్లు చూసే శాఖ) అధీనంలోని ఖైదీలను విడిగా లెక్కించి ఇందులో కలిపారు. కాబట్టి "ఖైదీలు లెక్కలోకి రాలేదేమో" అనే అనుమానం పెట్టుకోకు.

1937ను ఉంచు. 1933 అంకెను గీత మీద నుంచి దించి, "ప్రకటన" అని పక్కన రాయి.

కాచిగూడ కామ్రేడ్:
సార్, ఒక్క మాట. 1937 లెక్కలు లోపభూయిష్టమని ఆ ప్రభుత్వమే రద్దు చేసింది కదా. రద్దయిన దాన్ని ఆధారంగా ఎలా చూపిస్తారు? ఈ 16.2 కోట్ల అంకె ఎక్కువగా శీతల యుద్ధం నాటి పాశ్చాత్య రచయితలు వాడుకున్నదే. పిల్లాడు ఏదో ఒక పక్షాన్ని నమ్మి రాసెయ్యకూడదు.

తార్నాక సార్:
కామ్రేడ్ గారూ, మంచి అభ్యంతరమే. పూర్తి లెక్కలు బయటపెట్టింది పాశ్చాత్యులు కాదు, మాస్కో ఆర్కైవులే. 1989 నుంచి సోవియట్ చరిత్రకారులే అక్కడి పత్రికల్లో అచ్చువేశారు.

ఇక రద్దు కథ. 1937 సెప్టెంబరు 25న ప్రభుత్వం తీర్మానం చేసింది: గణాంక శాస్త్రపు మౌలిక సూత్రాలను ఘోరంగా ఉల్లంఘించారు, లెక్క లోపభూయిష్టం, 1939 జనవరిలో మళ్లీ చెయ్యాలి. కానీ అప్పటికే జనగణన విభాగం అధిపతి ఒలింపీ క్విత్కిన్‌ను మార్చిలో అరెస్టు చేశారు. సెప్టెంబరులో కాల్చి చంపారు. ఆయన పైన ఉన్న కేంద్ర గణాంక సంస్థ అధిపతి ఇవాన్ క్రవాల్‌ను ఆగస్టులోనే కాల్చేశారు. మిఖాయిల్ కుర్మన్ అనే అధికారి ఖైదీల నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. జననమరణాల రిజిస్టర్లకూ ఈ లెక్కకూ తేడా ఎందుకొచ్చిందో వివరిస్తూ ఆయన అరెస్టుకు ముందు పై అధికారులకు ఒక నోట్ రాశాడు. నమోదుకాని చావులు చాలా ఉన్నాయి, సరిహద్దు దాటి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు అని. కరువు ముదిరిన చోట చావులు రాసుకునే ఆఫీసులే సరిగా నడవలేదు మరి.

లెక్క పెట్టినవాళ్లు పొరపాటే చేసి ఉంటే, దాన్ని ఇంకో గణాంకవేత్త చేత సరిచేయించవచ్చు. కాల్చాల్సిన పని ఉండదు. తర్వాతి జనాభా శాస్త్రజ్ఞులు కాగితాలు తిరగేసి చూస్తే, 1937లో లెక్క తప్పిపోయినవాళ్లు అర శాతం లోపే అని తేలింది. రద్దయిందనే మాట పేపర్‌లో తప్పకుండా రాయాలి, అక్కడ మీతో ఏకీభవిస్తాను. కానీ రద్దయిందని అంకెను వదిలెయ్యక్కర్లేదు.

నల్లకుంట టీచరమ్మ:
నేను బడిపంతులమ్మని. సర్వేల డ్యూటీ అంటే మాకు కొత్త కాదు. అందుకే అడుగుతున్నా: ఒక్క రోజులో దేశమంతా ఎలా లెక్కపెట్టారండీ? మాకు వంద ఇళ్లకే చెప్పులు అరిగిపోతాయి.

తార్నాక సార్:
అమ్మా, ఒక్క రోజు అంటే నిజంగా ఒక్క రోజు కాదు. జనవరి 1 నుంచి 5 దాకా ఇల్లిల్లూ తిరిగి ఫారాలు ముందే నింపుకున్నారు. 5 రాత్రి తెల్లవారితే 6 అనగా మళ్లీ వెళ్లి, ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారో సరిచూశారు. లేనివాళ్లను కొట్టేశారు, కొత్తగా వచ్చినవాళ్లను చేర్చారు. రైళ్లలో, స్టేషన్లలో ఉన్నవాళ్లనూ వదల్లేదు. తర్వాత కొన్ని రోజులు తనిఖీ. మనకూ ఈ పద్ధతి తెలియనిది కాదు. బ్రిటిష్ ఇండియాలోనూ, నిజాం రాజ్యంలోనూ 1931 దాకా జనగణన ఇలా ఒక్క రాత్రి లెక్కే. 1931లో అది ఫిబ్రవరి 26. 1941 నుంచి మానేశారు.

ఒక్క రోజు లెక్కలో ఇబ్బంది ఏమిటో హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పాలా! 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే గుర్తుందిగా. అది జనగణన కాదు, కానీ పేరు తప్పిపోతుందేమోనని జనమంతా ఊళ్లకు బస్సులెక్కారు, నగరం ఖాళీ అయింది. ఒక్క రోజు లెక్కలో తేదీ ఎంపికే సగం పని. సోవియట్ వాళ్ల తేదీ పాత క్యాలెండర్ క్రిస్మస్‌కు ముందు రోజున పడింది. అది ప్రయాణాల సమయం. కాబట్టి ఏ ప్రాంతంలో ఎంతమంది అనే దగ్గర కొంత అటూ ఇటూ అయి ఉండొచ్చు. దేశం మొత్తం అంకెకు మాత్రం ఇది అడ్డు కాదు.

నల్లకుంట టీచరమ్మ:
అలాగైతే సరే. ఇంకో సందేహం. మతం గురించి కూడా అడిగారట నిజమేనా? దేవుణ్ణి వద్దన్న ప్రభుత్వం ఆ ప్రశ్న ఎందుకు పెట్టినట్టు?

తార్నాక సార్:
నిజమే. ఫారంలో 14 ప్రశ్నలే. దాని తుది రూపం స్టాలిన్ చేతుల మీదుగానే వెళ్లింది. మతం ప్రశ్నా అప్పుడు చేరిందే. జనం దేవుణ్ణి వదిలేశారని రుజువు దొరుకుతుందని ఆశ కాబోలు. 16 ఏళ్లు దాటినవాళ్లను అడిగితే 5.53 కోట్ల మంది నమ్ముతామన్నారు. సమాధానం చెప్పినవాళ్లలో దాదాపు 57 శాతం! అప్పటికి చర్చిలు, మసీదులు మూతపడుతున్నాయి, మతాధికారులు జైళ్లలో ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగి ఇంటికొచ్చి పేరు రాసుకుంటూ అడుగుతుంటే అంతమంది ఔనన్నారు. నన్నడిగితే ఆ జనగణన మొత్తంలో తల వంచి నమస్కారం పెట్టాల్సిన అంకె ఇదే. 1939లో ఆ ప్రశ్న తీసేశారు.

మనదగ్గర 1948 జనగణన చట్టం ప్రకారం ఎవరి ఫారమూ బయటివారికి చూపరు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లదు. మీరు జనగణనకు ఇంటింటికీ వెళ్లినప్పుడు ఈ మాట ఒక్కటి ముందే చెప్తే జనం సగం భయం తగ్గి మాట్లాడతారు.

అశోక్‌నగర్ చదువరి:
సార్, 1937 గురించి అర్థమైంది. మరి 1939 అంకె వాడొచ్చా? మేడం అడిగింది ఆ 86 లక్షల గురించే.

తార్నాక సార్:
వాడు, కానీ గీతలో కలపకు. అందులో కొంత పెరుగుదల నిజమే. 1936 జూన్‌లో గర్భస్రావాన్ని నిషేధించారు, 1937లో కాన్పులు పెరిగాయి. మిగతాది మాత్రం ఉబ్బించింది. 1939 జనవరి 17న లెక్కించారు. లెక్కలింకా పూర్తి కాకముందే మార్చిలో 18వ పార్టీ మహాసభలో స్టాలిన్ 17 కోట్లు అన్నారు. ఆ మాటకు తక్కువ తేల్చే ధైర్యం ఎవరికుంటుంది? క్విత్కిన్‌కు ఏమైందో అందరికీ తెలుసు. ఎంత కలిపారన్న దాని మీద పండితుల అంచనాలు వేరువేరు: పదిహేను లక్షల నుంచి ముప్పై లక్షల దాకా చెప్తారు.

దీనికంటే నీకు ప్రమాదం ఇంకోచోట ఉంది. శిబిరాల్లో ఉన్న ఖైదీల ఫారాలను కాగితం మీద వేరే ప్రాంతాలకు పంచేశారు, ఉత్తరాన, తూర్పున ఎంతమందిని బంధించారో కనబడకుండా. కాబట్టి 1939 ప్రాంతాలవారీ పట్టికతో వలసల గురించి ఏదైనా రాయాలనుకుంటే ఆ ఆలోచన మానుకో.

కాచిగూడ కామ్రేడ్:
ఒప్పుకుంటున్నాను సార్, కాల్చడం దగ్గర నాకు జవాబు లేదు. కానీ జాతులవారీ అంకెల దగ్గర పిల్లాణ్ణి కాస్త హెచ్చరించండి. ఉక్రేనియన్లు 3.12 కోట్ల నుంచి 2.64 కోట్లకు తగ్గారు కాబట్టి తేడా అంతా చావులే అని రాసేస్తుంటారు.

తార్నాక సార్:
బాగా గుర్తుచేశారు. 1926, 1937 జనగణనల మధ్య తేడా అది. కరువులో పోయినవాళ్లు అందులో పెద్ద భాగమే. కానీ ఉత్తర కాకసస్‌లోని కుబాన్ వంటి చోట్ల 1926లో ఉక్రేనియన్ అని రాయించుకున్నవాళ్లు చాలామంది తర్వాత రష్యన్ అని రాయించుకున్నారు. అంచేత జాతి పట్టికలో తేడాను మరణాల సంఖ్యగా రాయొద్దు. కజకులు 39.7 లక్షల నుంచి 28.6 లక్షలకు పడిపోయారు. అక్కడ కూడా చావులతో పాటు చైనా వైపు, ఇంకా ఇతర ప్రాంతాలకు పారిపోయినవాళ్లున్నారు. రెండు కారణాలనూ రాయి, ఒకదాన్ని మింగెయ్యకు.

అశోక్‌నగర్ చదువరి:
చాలా థాంక్స్ సార్. గ్రాఫ్ మార్చిన. 1926, 1937 నిండు చుక్కలు, మధ్యన గీత. 1939 ఖాళీ చుక్క. 1933 చుక్కే లేదు, కింద నోట్‌లో ఉంది. కానీ ఇంకో చిక్కు వచ్చింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సోవియట్ పుస్తకం దొరికింది. అందులో 1926 తర్వాత నేరుగా 1939 ఉంది, 1937 ఊసే లేదు. పైగా 1939కి 19.07 కోట్లు అని వేసిన్రు! ఇదేంది సార్, ఇంకో రెండు కోట్లు ఎక్కడినుంచి వచ్చినయ్?

తార్నాక సార్:
ఇది మోసం కాదులే, సరిహద్దు మారింది. 1939 సెప్టెంబరు 17 తర్వాత పశ్చిమ ఉక్రెయిన్, పశ్చిమ బెలారస్, మరుసటి ఏడాది బాల్టిక్ దేశాలు, బెస్సరాబియా (ఇప్పటి మాల్డోవా వైపు ప్రాంతం) కలిశాయి. తర్వాతి సోవియట్ పట్టికల్లో ఆ ప్రాంతాల జనాన్ని కూడా కలిపి 1939 తేదీకే 19.07 కోట్లు చూపిస్తారు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో "ఇప్పటి సరిహద్దుల్లో" అని ఉంటుంది చూడు. నీ పేపర్ యుద్ధానికి ముందు కాలం మీద కాబట్టి పాత సరిహద్దుల 17.06 కోట్లే నీకు కావాలి. 1937 ఊసు లేకపోవడం మామూలే. ఆ రోజుల పట్టికలన్నీ 1926, 1939, 1959, 1970 అనే వరసలోనే ఉంటాయి.

గ్రాఫ్ పక్కన "మిలియన్లలో" అని ఉంటే దాన్ని కోట్లలోకి మార్చు, ఒక్క గ్రాఫ్‌లో రెండు కొలతలు పెట్టకు. మేడం మళ్లీ ఆ 86 లక్షల గురించి అడిగితే, 1936 నిషేధం సంగతి ముందు చెప్పి, మార్చి మహాసభ సంగతి తర్వాత చెప్పు. తేదీలు దగ్గర పెట్టుకో, అడుగుతారు.