ఎన్నిసార్లు కనబడితే ‘తప్పు’ కాస్తా ‘లక్షణం’ అవుతుంది?

అక్షరగణం:
వలస పాలన పోయినా ఇంగ్లీషు ఉండిపోయిన చోట్ల, అంటే మన దేశం, సింగపూర్, నైజీరియా, జమైకా లాంటి చోట్ల, దాని తీరు మారిపోయింది. దీంట్లో పేచీ లేదు. మారినదాంట్లో ఏది ఆ దేశపు ఇంగ్లీషు లక్షణం, ఏది ఒట్టి పొరపాటు అన్న దగ్గరే గొడవంతా. 1990–91లో భాషావేత్తలు ర్యాండాల్ఫ్ క్వర్క్, బ్రజ్ కచ్రు పోట్లాడుకున్నదీ దీని మీదే. ఇప్పుడు అందరూ కార్పస్ (జనం నిజంగా మాట్లాడిన, రాసిన భాషను పోగేసిన నిధి) తేల్చేస్తుంది అంటున్నారు. అది తేల్చలేదని నా వాదన.

లెక్క చూడండి. అంతర్జాతీయ ఇంగ్లీషు కార్పస్ (ఐసీఈ)లో ఒక్కో దేశానికి 10 లక్షల పదాలు. 500 పాఠాలు (అంటే మాటల, రాతల నమూనాలు), ఒక్కోటి సుమారు 2,000 పదాలు. అందులో ముఖాముఖి కబుర్లు, ఫోన్ మాటలు కలిపితే 100 పాఠాలే, అంటే 2 లక్షల పదాలు. లక్ష పదాలకు ఒకసారి దొర్లే ప్రయోగం అక్కడ మహా అయితే రెండు మూడు సార్లు కనబడుతుంది. అసలు కనబడకపోతే ఆ దేశంలో లేదనేస్తామా? కనబడిన ఆ రెండూ ఒకే మనిషి నోటివైతే దేశం మొత్తానికి అంటగడతామా?

గణకుడు:
10 లక్షలు తక్కువే, కానీ దేనికి తక్కువ? అరుదైన మాటలకు తక్కువ. ఆర్టికల్స్, ‘-ఇంగ్’ రూపాలు, ‘గివ్’ లాంటి క్రియలు, వీటికి ధారాళంగా సరిపోతుంది. ఒకే మనిషి నోటివా అన్న అనుమానం తీర్చుకోవడం కూడా కష్టమేం కాదు, ఎన్ని పాఠాల్లో వచ్చిందో చూస్తే చాలు. చూడకుండా మొత్తం అంకె మాత్రం ఇచ్చేవాళ్లని తిట్టండి, నేనూ కలుస్తాను.

కార్పస్ చేసిన మేలు కూడా చెప్పుకోవాలి కదండీ. ‘ఐ యామ్ నోయింగ్’ అని మనవాళ్లని వెక్కిరించని కామెడీ షో ఉందా? తీరా లెక్కపెడితే భారతీయ ఇంగ్లీషులో ‘-ఇంగ్’ ప్రయోగాల్లో అత్యధికం బ్రిటిష్ వాళ్లు వాడేవే. ‘నో’, ‘అండర్‌స్టాండ్’ లాంటి క్రియలతో వచ్చేవి కొద్ది భాగం. బ్రిటన్ కంటే ఎక్కువే, కాదనను. వెక్కిరింపులో వినబడేంత మాత్రం లేవు.

పాతపుటలు:
‘బ్రిటన్ కంటే ఎక్కువ’ అన్నారు చూశారా, నా టెన్షన్ అక్కడే. ఏ ఏటి బ్రిటన్? కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో తయారైన భారతీయ కార్పస్‌లో 1978లో అచ్చయిన రచనలు ఉన్నాయి. దాన్ని పోల్చేది 1961 నాటి అమెరికన్ బ్రౌన్ కార్పస్‌తో, అదే ఏడాది నాటి బ్రిటిష్ ఎల్‌ఓబీ కార్పస్‌తో. మధ్యలో 17 ఏళ్లు. ఈలోగా బ్రిటిష్ వాళ్లు ఊరుకున్నారా? 1961, 1991 నాటి బ్రిటిష్ కార్పస్‌లను పక్కపక్కన పెడితే అక్కడే ‘-ఇంగ్’ వాడకం పెరిగింది. కాలం తెచ్చిన తేడాని దేశం తెచ్చిన తేడాగా రాసేసిన పేపర్లు చదివి చదివి విసుగొచ్చింది. ఐసీఈలోనూ అదే తంటా. బ్రిటిష్ భాగం 1990–93 నాటిది, నైజీరియా భాగం సేకరించింది చాలా ఏళ్ల తర్వాత.

అక్షరగణం:
బాగా చెప్పారు. ఇంకోటి. ఐసీఈలోకి రావాలంటే 18 ఏళ్లు నిండాలి, కనీసం సెకండరీ దాకా ఇంగ్లీషు మీడియం చదువు ఉండాలి. అంటే వడపోసిన ఇంగ్లీషు. అందులో దేశీయత ఎక్కడ మిగులుతుంది?

తీరవాసి:
సింగపూర్ భాగం తెరిచి చూడండి గురువుగారూ. కబుర్ల పాఠాల్లో ‘లా’ అన్న తోక పదం కొల్లలు. అందరూ చదువుకున్నవాళ్లే మరి. వడపోత అనుకున్నంత గట్టిదేం కాదు.

అసలు తేడా వేరే ఉంది. సింగపూర్‌లో ఇద్దరు స్నేహితులు ఇంగ్లీషులో కబుర్లాడుకోవడం మామూలు. మన దగ్గర ఇద్దరు తెలుగువాళ్లు కూర్చుంటే ఎంత చదివినా తెలుగులోనే మొదలుపెడతారు, మధ్యలో ఇంగ్లీషు ముక్కలు పడతాయి. వాళ్లముందు రికార్డర్ పెట్టి ‘ఇంగ్లీషులో మాట్లాడండి’ అంటే వచ్చేది కబుర్లా, ఇంటర్వ్యూనా? రెండు దేశాల ‘ప్రైవేటు సంభాషణ’ పేరుకే ఒకటి. పోలికకి ముందు ఇది ఆలోచించాలి. ఎవరూ పెద్దగా పట్టించుకోరు, టేబుల్లో గడులు సరిపోతే చాలనుకుంటారు.

వెబ్‌వాసి:
ఈ పాత పెట్టెలెందుకండీ? 2013లో వెబ్ పేజీల నుంచి పోగేసిన గ్లోబీ కార్పస్‌లో 20 దేశాలు, 190 కోట్ల పదాలు. చాలదన్న మాటే రాదు.

పాతపుటలు:
రాసిందెవరో తెలియాలి కదా బాబూ! వెబ్‌సైట్ ఏ దేశానిదో దాన్ని బట్టి లెక్కేశారు. హాంకాంగ్‌లో స్థిరపడిన లండన్ బ్లాగరు కూడా హాంకాంగ్ ఇంగ్లీషే అవుతాడు.

గణకుడు:
అందరూ ‘ఉందా లేదా’ దగ్గరే ఆగిపోతున్నారు. అసలు సంగతి రెండూ సరైనవే అయినప్పుడు ఏది ఎంచుకుంటారన్నది. ‘గేవ్ ద బాయ్ ఎ బుక్’ అనొచ్చు, ‘గేవ్ ఎ బుక్ టు ద బాయ్’ అనొచ్చు. ఏ టీచరూ ఎర్ర సిరా పెట్టడు. తీసుకునేవాడు ‘హిమ్’ లాంటి సర్వనామమైతే మొదటిదాని వైపు, ఇచ్చే వస్తువు పేరు పొడుగైతే అప్పుడూ మొదటిదాని వైపు మొగ్గుతారు. ఈ మొగ్గు బ్రిటన్‌లోనూ, భారత్‌లోనూ, సింగపూర్‌లోనూ ఒకే దిశలో ఉంటుంది, బలం మాత్రం చోటును బట్టి మారుతుంది. ఇంకా, ‘గివ్’ తర్వాత ఎవరికన్నది చెప్పకుండా వదిలేయడం భారతీయ ఇంగ్లీషులో ఎక్కువ. ఇదేదీ మాట్లాడేవాళ్ల చెవికి తట్టదు, కాబట్టి ఎవరూ వెక్కిరించరు, ఎవరూ దిద్దరు. దేశపు ముద్ర ఇక్కడే గట్టిగా ఉంటుందని నా నమ్మకం. ఇది లెక్కపెడితే తప్ప దొరకదు.

అక్షరగణం:
అది లక్షణమే, ఒప్పుకుంటాను. కానీ నేనడిగింది తప్పని కొందరు దిద్దేవాటి గురించి. ‘షి గిఫ్టెడ్ హిమ్ ఎ వాచ్’ అని ‘గిఫ్ట్’ని ‘గివ్’లా క్రియగా వాడటం చూడండి. వాడేవాళ్లు దాన్ని ఒప్పనుకుంటున్నారా, తెలియక వాడేస్తున్నారా? అంకెల్లో అది కనబడదు.

తీరవాసి:
పత్రికల్లో వెతకండి. ‘గిఫ్ట్’ అలా వాడటం మన ఇంగ్లీషు దినపత్రికల్లో అచ్చయింది. రిపోర్టరు రాస్తే సబ్-ఎడిటర్ చూసి పంపాడు.

అక్షరగణం:
డెడ్‌లైన్ హడావిడిలో చూసుకోలేదేమో!

తీరవాసి:
ఒకసారైతే అలాగే అనుకుందాం. వేర్వేరు పత్రికల్లో ఏళ్ల తరబడి వస్తుంటే, అంతమంది సబ్-ఎడిటర్లకీ హడావిడి ఆ ఒక్క క్రియ దగ్గరే వచ్చిందంటారా?