ఊపిరితిత్తిలో ఒకటే గడ్డ: సూదితో చూడాలా, నేరుగా తీసేయాలా?

ప్రశ్న: పదేళ్ల ల్యాబ్రడార్, పొడి దగ్గు. కుడి ఊపిరితిత్తి కాడల్ లోబ్‌లో (వెనకవైపు భాగంలో) 4 సెం.మీ. గడ్డ. సీటీ అయ్యాక ఎఫ్ఎన్ఏ (సన్న సూదితో కణాలు తీసి చూడటం) చేయాలా, లోబెక్టమీకే (ఆ లోబ్‌ను కోసి తీసేయడానికే) వెళ్లాలా?

ఛాతీ_సర్జరీ: గడ్డ ఒక్కటే ఉండి, ట్రాకియోబ్రాంకియల్ గ్రంథులు (శ్వాసనాళం చీలేచోటి లింఫ్ గ్రంథులు) వాయకపోతే సూది అక్కర్లేదు. రిపోర్టు ఏదైనా లోబ్ తీయాల్సిందే. పైగా మధ్యలో కుళ్లిన గడ్డలో సూదికి చచ్చిన కణాలే దొరుకుతాయి.

సైటాలజీ_బల్ల: ‘రిపోర్టు ఏదైనా’ అన్నచోటే నాకు అభ్యంతరం సార్. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అయితే కీమో, ఫంగస్ గడ్డ అయితే మందులు. హిస్టియోసైటిక్ సార్కోమా (రోగనిరోధక కణాల నుంచి వచ్చే క్యాన్సర్) అయితే అది పాకిందేమోనని ముందు ప్లీహం, కాలేయం చూడాలి, లోముస్టిన్ అనే కీమో మందు గురించి యజమానితో మాట్లాడాలి. గడ్డ ఛాతీ గోడకు ఆనుకుని ఉంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 22 గేజ్ సూది చాలు. మధ్యలో గాలి నిండిన ఊపిరితిత్తి అడ్డురాదు కాబట్టి న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) భయం తక్కువ.

ఎక్స్‌రే_గది: అసలది ఊపిరితిత్తి గడ్డేనా? మన దేశంలో స్పైరోసెర్కా లూపి అనే పరాన్నజీవి పురుగును మరవకూడదు. ఆ పురుగు అన్నవాహిక గోడలో కట్టే గడ్డ ఫిల్మ్‌లో అచ్చం కాడల్ లోబ్ గడ్డలా కనిపిస్తుంది. కాళ్ల ఎముకల వాపు రెండింటిలోనూ రావచ్చు, దాన్ని పట్టుకుని తేల్చలేం. తిన్నది కక్కడం, ఛాతీ వెన్నుపూసల అడుగున ఎముక పెరగడం ఉంటే ఎండోస్కోపీ చేయండి. మలంలో గుడ్లు లేవని వదిలేయొద్దు. ఎక్స్‌రే రెండు పక్కలా, పైనుంచీ, మూడూ తీయాలి. కింద పడిన ఊపిరితిత్తి అణిగి, అందులోని గడ్డ దాగిపోతుంది.

ఛాతీ_సర్జరీ: స్పైరోసెర్కా మాట నిజం, నేను ముందే చెప్పాల్సింది. గడ్డలు ఎక్కువున్నా, గ్రంథి వాచినా సూదికి ఒప్పుకుంటాను. ‘క్యాన్సర్ కణాలు లేవు’ అన్న సైటాలజీని (సూదితో తీసిన కణాల పరీక్షను) నమ్మి గడ్డను వదిలేయడానికి మాత్రం ఒప్పుకోను.

ఇక లోబ్ తీసేటప్పుడు: 5 లేదా 6వ పక్కటెముకల సందులోంచి వెళ్లి, ముందు పల్మనరీ లిగమెంట్ (లోబ్‌ను పట్టి ఉంచే పొర) కోయాలి. 30 మి.మీ. వాస్క్యులర్ స్టేప్లర్ (రక్తనాళాలను పిన్నులతో మూసే పరికరం) వేయవచ్చు. గడ్డ హైలమ్ (రక్తనాళాలు, బ్రాంకస్ అనే గాలి గొట్టం లోబ్‌లోకి వెళ్లే చోటు) దాకా వస్తే ఆ మందానికి స్టేపుల్స్ సరిగ్గా ముడుచుకోవు, అప్పుడు ధమని, సిర, బ్రాంకస్ విడివిడిగా కట్టాలి. తర్వాత గోరువెచ్చని సెలైన్ పోసి, 20 సెం.మీ. నీటి పీడనం దాకా ఊపిరితిత్తి ఉబ్బించండి. బుడగలొస్తే మళ్లీ కుట్టు. గ్రంథి మామూలుగా కనబడినా ముక్క తీయండి, కుక్క ఎన్నాళ్లు బతుకుతుందన్నది చాలావరకు అక్కడే తెలుస్తుంది. రోజుకు కిలోకు 2 మి.లీ. లోపు ద్రవం వస్తుంటే, గాలి రాకపోతే ఛాతీలో పెట్టిన ట్యూబ్ తీసేయవచ్చు.

సైటాలజీ_బల్ల: అలాగైతే హైలమ్ అంచుకు కుట్టుతో గుర్తుపెట్టి పంపండి. లోబ్‌ను ముద్దగా వేస్తే లోపలికి ఫార్మలిన్ (కణజాలం పాడవకుండా ఉంచే ద్రవం) ఎక్కదు. గడ్డకు గాటు పెట్టి, పదింతల ఫార్మలిన్‌లో ముంచండి. గ్రంథిని వేరే డబ్బాలో పెట్టండి.