గాలిమరలకు తగిలి చచ్చే పక్షులు: ఇది నిజంగా అంత పెద్ద సమస్యా?

గాలివాటం:
పవన విద్యుత్ మాట ఎత్తగానే ఎవరో ఒకరు పక్షుల సంగతి తెస్తారు. అమెరికాలో 2013లో వేసిన అంచనా ప్రకారం పిల్లులు ఏటా చంపే పక్షులే తక్కువలో తక్కువ 130 కోట్లు. గాలిమరల వాటా లక్షల్లోనే. బొగ్గు మానుకోవాల్సిన ఈ రోజుల్లో మరలను ఆపమనడం న్యాయమేనా?

గూటిపిట్ట:
లెక్క సరేనండీ, చచ్చేది ఏ పక్షి అన్నది కూడా చూడాలి కదా? పిల్లికి చిక్కేవి చిన్న పిట్టలు. రాబందు దానికి చిక్కదు, మరకు చిక్కుతుంది. గ్రిఫన్ రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. ఆ పిల్ల ఎదిగి జతకట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. చిన్న పిట్టల లోటు రెండు మూడు ఈతల్లో పూడుతుందేమో గానీ, ఈడొచ్చిన రాబందు పోతే ఏళ్లు పడుతుంది. కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కనుమలో 1980లలో వేల మరలు నిలబెట్టారు. గోల్డెన్ ఈగిల్ గద్దలు నేల ఉడతల కోసం తిరిగే కొండలవి. అక్కడ ఆ గద్దలు మరలకు తగిలి ఇన్ని దశాబ్దాలుగా నేలకూలుతూనే ఉన్నాయి.

అంత చూపున్న పక్షికి అంత పెద్ద మర కనబడదా అంటారు. ఎగిరేటప్పుడు రాబందు తల వంచి నేలను వెతుకుతుంది. అప్పుడు ఎదురుగా ఉన్నది దాని చూపుకు అందదు. పైగా దూరానికి నింపాదిగా తిరుగుతున్నట్టుండే బ్లేడు కొస గంటకు 250 కిలోమీటర్లు దాటుతుంది. దగ్గరికొచ్చేసరికి అలికేసినట్టు మసకబారుతుంది.

మరలు వద్దని నేననను. స్పెయిన్‌లోని తరిఫా దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి, రాబందులు ప్రమాదంలో పడేలా ఉంటే ఆ మరను మాత్రం కాసేపు ఆపించారు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం రాబందుల చావులు సగానికి తగ్గాయి, తగ్గిన కరెంటు 0.07 శాతం. ఆ మాత్రం కూడా భరించలేమంటే నేను ఒప్పుకోను.

పొద్దుపొడుపు:
నార్వేలోని స్మోలా దీవిలో మూడు బ్లేడుల్లో ఒకదానికి నల్లరంగు పూస్తే చావులు 70 శాతానికి పైగా తగ్గాయట. ఇంత చవకైన మందుండగా కాపలాలెందుకు?

గూటిపిట్ట:
రంగు పూసింది నాలుగే నాలుగు మరలకండీ. ఆశ కలిగించే ఫలితమే, కాదనను. కానీ అదే దీవిలో విల్లో టార్మిగన్ అనే నేలపిట్ట బ్లేడుకు కాదు, స్తంభానికే గుద్దుకుంటోంది. దానికోసం స్తంభం అడుగుభాగానికి రంగు వేసి చూడాల్సి వచ్చింది. ఒక పక్షికి పనికొచ్చింది ఇంకోదానికి పనికిరాదు. రాత్రిళ్లు వలసపోయే పిట్టలకైతే నల్లరంగు కనబడేదెలా?

గాలివాటం:
రాబందు పిల్ల ఎదగడానికి నాలుగైదేళ్లు పడుతుందన్న సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. కానీ రోజంతా కాపలా అంటే ప్రతిచోటా కుదరదు. అమెరికాలోని వయోమింగ్‌లో గద్దను కెమెరాలే గుర్తుపట్టి మరను ఆపే ఏర్పాటు ఉంది. అలాంటిదైతే నాకు సమ్మతమే.

గూటిపిట్ట:
కెమెరా మంచిదే. కాకపోతే అది చోటు ఎంచుకున్నాక వచ్చే మాట. గద్దల గూళ్లూ, వలస దారులూ, వేడిగాలి పైకి లేచే కొండ అంచులూ కనీసం రెండు మూడు రుతువులు గమనించాకే పునాది తవ్వాలి. కట్టిన మరను పక్కకు జరపలేం. ఇంకొకటి, మర కింద దొరికిన కళేబరాలే మొత్తం కాదు. లెక్కించేవాళ్లు వచ్చేలోపే నక్కలు ఎత్తుకుపోతాయి, గడ్డిలో కొన్ని కనబడవు. అందుకని కొన్ని కళేబరాలను ముందే అక్కడ పెట్టి, ఎన్ని దొరుకుతాయో చూసి అంచనాను సవరిస్తారు. ఆ సవరణ చేశారా, చేసిందెవరు అని అడగకుండా ఏ కంపెనీ చెప్పిన సంఖ్యనూ ఇక్కడ పెట్టకండి.