స్ట్రాట్‌లో బెండ్ కష్టంగా ఉంది, పికప్స్ మారిస్తే తగ్గుతుందా?

అన్నలూ ఒక డౌటు. నాది స్ట్రాట్ టైపు గిటారు, మా ఫ్రెండ్‌ది లెస్ పాల్ టైపు. రెండిటికీ 10-46 స్ట్రింగ్సే (సన్న తీగ అంగుళంలో వెయ్యో వంతుల్లో 10, లావుది 46), ట్యూనింగూ ఒకటే, అయినా వాడిదాంట్లో బెండ్ (తీగని పక్కకి నెట్టి స్వరం పెంచడం) ఈజీగా వచ్చేస్తోంది, నాదాంట్లో ఫుల్ టోన్ బెండ్ చేసేసరికి వేళ్ళు మండిపోతున్నాయి. షాపులో అడిగితే హంబకర్స్ (రెండు కాయిల్స్ ఉండే పికప్స్) వేయించుకో, స్మూత్ అవుద్ది అన్నాడు. నిజమేనా?

— వద్దు తమ్ముడూ, డబ్బులు దండగ. పికప్ పని తీగ కదలికని సిగ్నల్‌గా మార్చడం వరకే, చేతికి తగిలే బిగుతు స్కేల్ లెంగ్త్ వల్ల, అంటే తీగ మోగే పొడుగు. నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ దాకా టేపు పెట్టి కొలిచి రెట్టింపు చెయ్యి, స్ట్రాట్‌కి 25.5 అంగుళాలు వస్తుంది, లెస్ పాల్‌కి కాస్త అటూఇటూగా 24.75. పొడుగు తీగ అదే స్వరం పలకాలంటే ఎక్కువ బిగించాలి కదా, అన్నిటికన్నా సన్న తీగ (E) 10 అయితే నీదాంట్లో సుమారు 16.2 పౌండ్లు, వాడిదాంట్లో 15.3. ఆరు శాతం తేడా అంతే, కానీ బెండ్ దగ్గర తెలిసిపోద్ది. అదే నీ గిటారుకే 9 వేసి చూడు, 13 పౌండ్లకి దిగిపోద్ది, లెస్ పాల్ కన్నా మెత్తన. 9-42 సెట్టు వేసుకో, పని అయిపోద్ది.

— పైన అన్న చెప్పింది కరెక్టే, ఒక్కటి కలుపుతా. హంబకర్ వేయించుకోడానికి అసలు కారణం హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ గుయ్య్ సింగిల్ కాయిల్‌లో వినపడుద్ది, హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురుబొదురుగా ఉండి దాన్ని కొట్టేసుకుంటాయి. ఇంకోటి, స్ట్రాట్ పికప్స్ తీగలకి మరీ దగ్గరగా ఎత్తితే అయస్కాంతం లాగి పై ఫ్రెట్లలో లావు తీగలు శ్రుతి తప్పినట్టు వణుకుతాయి, స్క్రూలు తిప్పి కాస్త దించు, దానికి పైసా ఖర్చు లేదు.

థాంక్స్ అన్నా. 9 వేస్తే సౌండ్ పల్చబడదా?

— కొంచెం పడుద్ది, లావు తీగలు వదులనిపిస్తే 9-46 హైబ్రిడ్ సెట్టు తీసుకో. అసలు తలనొప్పి ట్రెమలోతో, అదే స్ప్రింగుల మీద ఊగే బ్రిడ్జి. బిగుతు తగ్గగానే వెనక స్ప్రింగులు గెలిచి బ్రిడ్జి లోపలికి కుంగుద్ది, తీగలు ఫ్రెట్లకి తగిలి బజ్ వస్తది, అప్పుడు బ్రిడ్జిని తిట్టుకోకుండా వెనక మూత తీసి స్ప్రింగ్ క్లా (స్ప్రింగుల్ని పట్టుకునే కొక్కెం) స్క్రూలు రెండూ అర చుట్టు చొప్పున వదులు చెయ్, ట్యూన్ చెయ్, మళ్ళీ చూడు. బ్రిడ్జి పాత ఎత్తుకి వచ్చాకే ఇంటోనేషన్ (అన్ని ఫ్రెట్లలో శ్రుతి కుదిరేలా తీగ పొడుగు సరిచేయడం) ముట్టుకో.