‘ఉప్పు కప్పురంబు’ పద్యంలోనిది ఉపమా, దృష్టాంతమా?

‘పోలిక’ అనే మాట ఉంది కదా అని ఈ వేమన పద్యానికి ఉపమాలంకారమని రాసిన తమ అబ్బాయికి మార్కులు తగ్గించారని, అది సబబేనా అని ఒక సభ్యురాలు నిన్న అడిగారు. ముందుగా పద్యం చూద్దాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ జూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయ
విశ్వదాభిరామ వినుర వేమ

ఉపమలో ‘వలె’, ‘లాగా’, ‘పోలు’ వంటి వాచకం, అంటే పోలికను తెలిపే మాట, ఉపమేయాన్ని (పోల్చేదాన్ని) ఉపమానంతో (దేనితో పోలుస్తామో దానితో) కలపాలి. ఇక్కడ ‘పోలిక’ కలుపుతున్నది ఉప్పును, కప్పురాన్ని. మనుషులను వాటితో కలిపే మాట పద్యంలో ఎక్కడా లేదు. కాబట్టి ఉపమ అనడం పొరపాటే. అయితే ఆ మాటను పట్టుకున్న పిల్లవాడి చూపు చురుకైనదని నేనైతే అర మార్కు వేసేవాణ్ణి.

దృష్టాంతానికి మన పాఠ్యపుస్తకాలు ఇచ్చే ‘ఓ రాజా! నీవే కీర్తిమంతుడవు, చంద్రుడే కాంతిమంతుడు’ అన్న ఉదాహరణ, 16వ శతాబ్దికి చెందిన అప్పయ్య దీక్షితుల అలంకార గ్రంథం కువలయానందంలోని ‘త్వమేవ కీర్తిమాన్ రాజన్ విధురేవ హి కాంతిమాన్’ అన్న పాదానికి తెలుగుసేత. కీర్తి, కాంతి ఒకటి కావు. అయినా రాజుకు కీర్తి ఎటువంటిదో చంద్రునికి కాంతి అటువంటిదని, వాచకం లేకుండానే, ఒక వాక్యం మరొక వాక్యానికి అద్దం పడుతుంది. దృష్టాంతానికి ఆయువుపట్టైన బింబ ప్రతిబింబ భావమంటే ఇదే. మన పద్యంలో రుచికి ఎదురుగా పుణ్యం నిలిచింది. ‘ఒక్క పోలిక నుండు’ అన్నదానికి ఎదురుగా మాత్రం ఏమీ లేదు. పైకి మనుషులందరూ ఒక్కలాగే కనిపిస్తారన్న మాటను వేమన చెప్పకుండా విడిచిపెట్టాడు, చదివేవారే దానిని పూరించుకుంటారు.

‘వేరు’ రెండు చోట్లా ఉంది కనుక ప్రతివస్తూపమ ఎందుకు కాకూడదని ఎవరైనా అడగవచ్చు, అడగవలసిందే. ఆ అలంకారంలో ఒకే ధర్మాన్ని, అంటే లక్షణాన్ని, రెండు వాక్యాలలో వేరు వేరు మాటలతో చెబుతారు. ‘తాపేన భ్రాజతే సూరః శూరశ్చాపేన రాజతే’ అన్నచోట సూర్యుడు తాపంతోనూ శూరుడు వింటితోనూ ప్రకాశించడమనే ఒక్క ధర్మమే భ్రాజతే, రాజతే అన్న రెండు క్రియలుగా వచ్చింది. ఇక్కడ జరిగింది అందుకు తలకిందులు: మాట ఒకటే, వేరుపడే కారణాలు రెండు, ఒకటి నాలుకకు తెలిసేది, మరొకటి నడతలో తెలిసేది. అందువల్ల నేను దృష్టాంతం వైపే మొగ్గుతాను.

ఈ చర్చలో ఎవరూ తడమనిది ‘చూడ జూడ’. దీనికి ‘పరిశీలించగా’ అని అర్థం చెప్పి ముందుకు సాగిపోతాం. కానీ కంటికి ఒక్కటిగా ఉన్నవాటి రుచులు ఎంత చూసినా కంటికి ఎలా తెలుస్తాయి? హారతి కర్పూరం మాత్రమే ఎరిగిన నేటి పిల్లలకు కప్పురానికి రుచేమిటన్న సందేహం కూడా కలుగుతుంది. చక్కెర పొంగలిలో, తాంబూలంలో వేసే పచ్చకర్పూరాన్ని తలచుకుంటే అది తీరుతుంది. ఇక చూడటం సంగతికి వస్తే, తెలుగులో రుచిని కూడా ‘చూస్తాం’. పొయ్యి దగ్గరి నుంచి అమ్మ ‘పులుసులో ఉప్పు చూడరా’ అని కేకవేస్తే గిన్నెలోకి తొంగిచూసి ఊరుకునేవాడు ఎవడూ ఉండడు.