బరువు అంగుళం కదల్లేదు, మరి ఈ వాకింగ్ దేనికండీ?

కుర్చీకి_అతుక్కున్నోడు:
అందరికీ నమస్తే. నాది డెస్క్ జాబ్, పొద్దున కూర్చుంటే లేచేది సాయంత్రమే. బీపీ బోర్డర్‌లో ఉంది నడవమని డాక్టర్ చెప్తే కొన్ని నెలలుగా నడుస్తున్నా, ఎప్పుడో ఒకరోజు తప్పితే మానింది లేదు. కానీ బరువు మాత్రం అక్కడే, అర కేజీ తగ్గుద్ది మళ్ళీ వచ్చి కూర్చుంటది. ఇంట్లో "ఇంత నడిచి ఏం సాధించావ్" అని ఒకటే ఎత్తిపొడుపు. నిజంగా ఉపయోగం ఉందా లేక చెప్పులు అరగ్గొట్టుకోడమేనా? మీ అనుభవాలు చెప్పండి ప్లీజ్.

మెట్లెక్కే_మనిషి:
బ్రో, బీపీ మళ్ళీ చూపించుకున్నావా? నిద్ర ఎలా పడుతోంది? బరువొక్కటే చూస్తే ఎవడికైనా నీరసమే వస్తది. నడకలో ఖర్చయ్యే కేలరీలు మనం ఊహించుకున్నంత ఉండవు, పైగా నడిచొచ్చాక ఆకలి దంచేస్తది, తిండి మార్చకుండా వట్టి నడకతో బాగా సన్నబడేవాళ్ళు తక్కువే. అలాగని వేస్ట్ కాదు, బీపీ, షుగర్, గుండె దమ్ము ఇవన్నీ బరువు తగ్గకపోయినా మెరుగవుతాయి.

కుర్చీకి_అతుక్కున్నోడు:
బీపీ చూపించా అన్నా, పై నంబరు కొంచెం దిగింది, డాక్టర్ కంటిన్యూ చెయ్యమని పంపించేశారు. నిద్ర అంటే... మీరడిగితే ఇప్పుడు తడుతోంది, ఇదివరకు మంచమెక్కాక అటు దొర్లి ఇటు దొర్లి రీల్స్ చూసి చూసి ఎప్పటికో పడుకునేవాణ్ణి, ఈమధ్య ఫోన్ చూస్తూ చూస్తూనే అది మొహమ్మీద పడి మెలకువొస్తోంది 😅

పాత_పేపర్ల_పిచ్చి:
ఈ ప్రశ్నకి ఎప్పుడో జవాబు వచ్చింది. లండన్‌లో జెరీ మోరిస్ అనే డాక్టర్ డబుల్ డెక్కర్ బస్సుల స్టాఫ్ మీద స్టడీ చేశాడు. డ్రైవరు డ్యూటీ అంతా సీట్లోనే, కండక్టరేమో టికెట్ల కోసం పైకీ కిందకీ మెట్లెక్కుతూ దిగుతూనే ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే డిపో. అయినా డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువ వచ్చింది, 1953లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వేశారు. డ్రైవర్లు లావుగా ఉన్నారేమో అందుకేనేమో అని డౌట్ వస్తది కదా, స్టడీ చేసినవాళ్ళకీ ఆ డౌట్ వచ్చింది, యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తీయించారు! డ్రైవర్ల నడుములు పెద్దవే గానీ, సన్నవాళ్ళని సన్నవాళ్ళతో లావువాళ్ళని లావువాళ్ళతో పోల్చినా కండక్టర్లకే గుండెపోటు చావులు తక్కువ. అంటే బొజ్జ ఉన్న కండక్టర్ కూడా బొజ్జ ఉన్న డ్రైవర్ కన్నా నయం. ఎత్తిపొడిచేవాళ్ళకి ఈ ప్యాంట్ల కథ చెప్పు.

అర్ధరాత్రి_మెలకువ:
నాది బాడీ కథ కాదు, మైండ్ కథ. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు ఎవరైనా "ఎక్సర్‌సైజ్ చెయ్యి అన్నీ పోతాయి" అంటే ఒళ్ళు మండేది, మొహం కడుక్కోడమే ఒక పెద్ద పనిలా ఉండేది, ఇక పరిగెత్తేదెక్కడ. నన్ను చూసే కౌన్సెలర్ మాత్రం నడవమనలేదు, షూ వేసుకుని గేటు దాకా వెళ్ళి వచ్చెయ్ అంది, అంతకంటే ఒక్క అడుగు ఎక్కువ వెయ్యొద్దంది. మంచం అంచున కూర్చుని లేసులు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేదాన్ని, కొన్నిసార్లు కట్టి మళ్ళీ విప్పేసేదాన్ని కూడా. కానీ గేటు దాకా వెళ్తే వచ్చేప్పుడు తల కొంచెం తేలికయ్యేది, ఎక్కువ కాదు, స్నానం చేద్దాం అనిపించేంత. మూడ్ వచ్చాక కదులుదాం అని కూర్చుంటే ఆ మూడ్ రాదు, కదిలాక వస్తది, ఆవిడ చెప్పింది అదే. తర్వాత గేటు కాస్తా వీధి చివర అయింది. టాబ్లెట్లు మాత్రం మానలేదు, డాక్టరే నిదానంగా తగ్గించారు.

లెక్కల_లింగడు:
పైన అక్క చెప్పిన చివరి లైను అందరూ రెండోసారి చదవండి. 1999లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు డిప్రెషన్ ఉన్న పెద్దవయసు వాళ్ళని కొందరిని వ్యాయామంలో, కొందరిని సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర మీద, కొందరిని రెండిట్లో పెట్టి 16 వారాలు చూస్తే చివరికి మూడు గ్రూపులూ దాదాపు ఒకేలా తేరుకున్నాయి. ఈ ముక్క పట్టుకుని "చూశారా మందులక్కర్లేదు" అని ఫార్వర్డ్ చేసేవాళ్ళుంటారు. అందులోనే మాత్ర వాడినవాళ్ళకి మొదట్లో త్వరగా గుణం కనిపించింది అని కూడా ఉంది, అది ఎవడూ పంపడు.

దడదడ_గుండె:
నాకు పానిక్ ఎటాక్స్ ఉండేవి, గుండె వేగంగా కొట్టుకుంటే చాలు పోయాననుకునేవాణ్ణి, మెట్లెక్కాలన్నా భయమే. డాక్టర్ ఈసీజీ అవీ తీసి గుండె బాగానే ఉంది స్పీడ్‌గా నడువు అన్నారు. మొదట్లో నరకం, దడ పుట్టగానే ఆగి చెయ్యి పట్టుకుని నాడి చూసుకోడమే పని. కానీ నడిస్తే దడ వస్తది, ఆగి నిలబడితే కాసేపటికి అదే తగ్గుద్ది, ఏమీ అవదు అని ఒంటికి అలవాటైపోయింది. ఇప్పుడు ఊరికే కూర్చున్నప్పుడు దడ వచ్చినా వెనకటంత కంగారు లేదు. దీన్ని థెరపీలో కూడా వాడతారట, భయపడే ఫీలింగ్‌ని కావాలని తెచ్చుకుని అలవాటు చెయ్యడం. గుండె చెక్ చేయించుకోకుండా మాత్రం సొంతంగా చెయ్యకండి.

ఫిట్‌నెస్_ఫ్రీక్:
ఎండార్ఫిన్స్ బ్రో ఎండార్ఫిన్స్, ఒంట్లో పుట్టే హాయి కెమికల్స్! రోజూ 10,000 అడుగులు వెయ్యి, లేకపోతే బాడీకి లెక్కే కాదు

పాత_పేపర్ల_పిచ్చి:
ఆ 10,000 డాక్టర్లు పెట్టింది కాదు తమ్ముడూ, 1960ల్లో జపాన్‌లో ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే మిషన్) అమ్ముకోడానికి వాడిన నంబరు. అంతకంటే బాగా తక్కువ అడుగుల నుంచే లాభం మొదలవుద్ది, అస్సలు కదలనివాడు కాస్త కదిలినప్పుడే తేడా ఎక్కువ. ఇక ఎండార్ఫిన్స్ అంటావా, రక్తంలో ఉన్నవి మెదడులోకి సులువుగా దూరలేవు, పరుగు తర్వాత వచ్చే ఆ హాయికి ఎండోకన్నబినాయిడ్స్ అనే మన ఒంట్లోనే తయారయ్యేవి కారణం అని ఇప్పుడు ఎక్కువగా అంటున్నారు.

ఫిట్‌నెస్_ఫ్రీక్:
సరే సార్, మీరే గెలిచారు 🙏

నాకేం_హాయి_లేదు:
నాకైతే ఏ హాయీ రాదు, చెమట చిరాకు తప్ప. అయినా చేస్తా ఎందుకంటే చెయ్యని రోజు ఇంట్లో అందరి మీదా అరుస్తున్నానని మా ఆవిడ గమనించింది, నేను కాదు. ఇప్పుడు నేను కాస్త గొంతు లేపితే తనే షూ తెచ్చి ముందర పెడుతోంది.

బరువులెత్తే_బాబాయ్:
అందరూ నడక నడక అంటున్నారు, కండ సంగతెవరూ ఎత్తరేంటి? డబ్ల్యూహెచ్‌ఓ 2020 గైడ్‌లైన్స్‌లో పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, దాంతోపాటు వారంలో కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం అని ఉంది. మొదటి సగం అందరికీ నోటికొచ్చు, రెండో సగం ఎవరికీ గుర్తుండదు. జిమ్మే అక్కర్లేదు, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోడం, గోడకి పుషప్స్ చాలు మొదట్లో. కండరం పనిచేసేప్పుడు ఇన్సులిన్ లేకుండానే రక్తంలో షుగర్‌ని లాక్కుంటది, అందుకే తిన్నాక కాసేపు నడిస్తే షుగర్ అంతలా ఎగరదు. మోస్తరు శ్రమ అంటే ఎంత అని అడుగుతారు, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ కొలత. పదేసి నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అనే పాత రూల్ కూడా తీసేశారు కాబట్టి ఆఫీసులో లేచి రెండు ఫ్లోర్లు ఎక్కినా అదీ ఖాతాలోకే.

రిటైర్డ్_మాస్టారు:
నాకు మోకాళ్ళ అరుగుదల ఉంది. నడిస్తే ఇంకా అరుగుతాయని మా బంధువులంతా భయపెడుతున్నారు. మానెయ్యమంటారా?

బరువులెత్తే_బాబాయ్:
మానకండి మాస్టారూ. అరుగుదలకి డాక్టర్లు మొదట చెప్పేదే వ్యాయామం. తొడ ముందు కండ గట్టిపడితే మోకాలికి ఆసరా దొరుకుద్ది. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి కాసేపు ఆపి దించండి, మార్చి మార్చి రెండు కాళ్ళకీ. కొద్దిగా నొప్పి ఉండి మర్నాటికి తగ్గిపోతే పర్లేదు, వాపొచ్చినా మర్నాడు ఇంకా ఎక్కువైనా తగ్గించి ఫిజియోకి చూపించుకోండి. 65 దాటినవాళ్ళయితే బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా వారంలో 3 రోజులు చెయ్యాలి, గోడ దగ్గర నిలబడి ఒంటికాలి మీద ఉండటంలాంటివి, పడిపోయే ప్రమాదం తగ్గుద్ది.

కుర్చీకి_అతుక్కున్నోడు:
అందరికీ థాంక్స్ అండీ, ప్యాంట్ల కథ ఇంట్లో చెప్పేశా, "అయితే నువ్వు బొజ్జ కండక్టరువా" అన్నారు. ఇంకోటి అడగాలి, మా అమ్మ కూడా నాతో వస్తానంటోంది, తనకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటది. తీసుకెళ్ళొచ్చా?

మెట్లెక్కే_మనిషి:
తీసుకెళ్ళు, కాకపోతే ముందు డాక్టర్‌ని అడుగు, డోసు మార్చాల్సి రావచ్చు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకి నడిచేటప్పుడే కాదు నడిచొచ్చిన కొన్ని గంటలకి కూడా షుగర్ పడిపోవచ్చు. బయల్దేరేముందు చెక్ చెయ్యండి, జేబులో గ్లూకోజ్ పెట్టుకో, చేతులు వణుకుతున్నా చెమటలు పడుతున్నా మాట తడబడుతున్నా అక్కడే కూర్చోబెట్టి ఇచ్చెయ్, ఇంటికెళ్ళాక చూద్దాం అనుకోవద్దు. ఇంటికొచ్చాక పాదాలు చూడు, షుగర్ ఉన్నవాళ్ళకి చెప్పు కరిచినా తెలీదు ఒక్కోసారి. ఛాతీలో నొప్పో బిగుతో వస్తే అమ్మకైనా నీకైనా నడక అక్కడితో ఆపి హాస్పిటల్‌కే.

కుర్చీకి_అతుక్కున్నోడు:
సరే అన్నా, రేపు డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి ఇక్కడే పెడతా.